ఇంటికప్పు నాశ్రయించు ఎలుక: గుర్తించు విధము, నివారించు మార్గములు

(రైతుల సమావేశమునందు చేయబడిన ఉపన్యాసము)

పంట పొలములో నున్నంతకాలము రైతు దానిని కన్నబిడ్డవలె కాచుకొనును. పురుగు పట్టినచో మందు చల్లును. పిట్టలు వ్రాలినచో వడిసెల త్రిప్పును. పందులు వచ్చునని మంచె యెక్కి రాత్రియంతయు మేల్కొనును. ఆ పంట కళ్ళము దాటి, ఇల్లు చేరి, గుమ్మిలో పడినతోడనే కావలి యెత్తివేయును. ఇంటికి వచ్చిన గింజ తనదేయని నిశ్చింతగా నిద్రించును. సరిగా ఆ రాత్రినుండియే దూలముల మీద మఱియొక ప్రాణి మేల్కొనును. అదియే ఎలుక. దానినిగూర్చి మీతో ముచ్చటింపవలెనని నేడు వచ్చితిని.

ఎలుకలు లేని కాపువాని యిల్లు కలదాయని మీలో కొందఱు నవ్వవచ్చును. ఎలుక యుండుట ధాన్యము గల యింటికి లక్షణమని పెద్దలలో కొందఱ నమ్మకము. కాని దాని లెక్క యెవ్వరును వేసి చూడరు. ఆ లెక్కతోనే మొదలు పెట్టుదము.

నష్టము ఎంత?

పెరిగిన యింటి యెలుక దినమునకు తన బరువులో సుమారు పదియవవంతు తినును. దానిని 20 గ్రాములని యనుకొందము. సంవత్సరమునకు 7 కిలోల 300 గ్రాములగును. ఒక యింటిలో ఇరువది యెలుకలున్నచో ఏటికి 146 కిలోలు. అనగా 75 కిలోల బస్తాలు ఇంచుమించుగా రెండు. ఇది తినినదానికి మాత్రమే లెక్క. తినుటకంటె పాడుచేయుట యెక్కువ. ఒక్క యెలుక దినమునకు ముప్పది నలుబది పెంటికలు వేయును, తిరిగినచోటనెల్ల మూత్రము విడుచును, వెండ్రుకలు రాల్చును. అట్టి ధాన్యము బజారులో ధర పలుకదు. ఇంటిలో వండుకొన్నను ఆరోగ్యమునకు చేటు. సంచులు కొఱికి నేలపాలు చేయు గింజ వేఱు. విత్తనమునకై దాచిన మొక్కజొన్నలో మెత్తని మొలకభాగమునే యేరి కొఱికిపోవును. మిగిలిన గింజ చూచుటకు గింజయే గాని నాటిన మొలవదు.

ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అరగదీయకున్నచో అవి నోటిని మూసివేయును. కావున ఆకలి లేకున్నను అది కొయ్య, తోలు, బట్ట, సీసపు గొట్టము మొదలగువాని నన్నిటిని కొఱుకుచునే యుండవలెను. నేడు ప్రతి యింటను విద్యుత్తు తీగలున్నవి. వాని పైతొడుగును ఎలుక కొఱికినయెడల లోని తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టును. తాటాకు కప్పు క్రింద ఇట్టి నిప్పు పుట్టిన నేమగునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆరోగ్యమునకు హాని

ధాన్యనష్టమును మించినది ప్రాణభయము. 1896 లో బొంబాయి నగరమున ప్లేగు మహామారి ప్రవేశించి దేశమంతట వ్యాపించెను. అది యెట్లు వ్యాపించునో మొదట ఎవ్వరికిని తెలియలేదు. 1898 లో కరాచీ పట్టణమున పాల్ లూయీ సిమోం అను ఫ్రెంచి వైద్యుడు పరీక్షించి, ఎలుక శరీరముపై నుండి రక్తము పీల్చు, రెక్కలులేని, దుముకు చిన్న పురుగే ఈ వ్యాధిని ఎలుకనుండి ఎలుకకును, ఎలుకనుండి మనుష్యునకును చేర్చునని కనుగొనెను. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగు దానిని విడిచి వేఱొక వెచ్చని శరీరమును వెదకుకొనును. ఆ శరీరము మనదే కావచ్చును.

1911 లో హైదరాబాదు నగరము ప్లేగువలన మిక్కిలి బాధపడెను. మఱుసటి సంవత్సరము, అనగా 1912 లో, ఇరుకైన బస్తీలను బాగుచేయుటకై నగరాభివృద్ధి సంఘము స్థాపింపబడెను. ఇది పాతకథ యని త్రోసివేయకుడు. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములో చేరియుండిన బీడు జిల్లాయందు, మామ్లా యను గ్రామమున 1994 ఆగస్టులో మరల ప్లేగు కనిపించెను. దానికి ముందటి సంవత్సరము, 1993 సెప్టెంబరు 30 వ తేదిన, లాతూరు ఉస్మానాబాదు ప్రాంతములలో గొప్ప భూకంపము వచ్చెను. భయముచే జనులు ఇండ్లు విడిచి తాత్కాలికమైన నివాసములకు పోయిరి. ధాన్యము మాత్రము పాత యిండ్లలోనే నిలిచెను. అడిగువారు లేని ఆ ధాన్యముతో ఎలుకలు విస్తరించెను. కారణము ధాన్యమును, నిర్లక్ష్యమును కలిసియుండుటయే. 1994 సెప్టెంబరులోనే సూరతు నగరమున ప్లేగు కలకలము చెలరేగి లక్షలకొలది జనులు ఊరు విడిచిరి. తరువాత 2002 లో హిమాచల ప్రదేశమునందును, 2004 లో ఉత్తరకాశి ప్రాంతమునందును ఈ వ్యాధి కొలదిగా కనబడి అణగెను.

దీనివలన మీరు గ్రహింపవలసిన నియమ మొకటి గలదు. మందు పెట్టకుండ, కారణము తెలియకుండ, ఇంటిలో గాని వీధిలో గాని ఎలుకలు వరుసగా రాలి చచ్చుచున్నయెడల వానిని చేతితో ముట్టరాదు. పిల్లలను దరికి పోనీయరాదు. వెంటనే ఆరోగ్యకేంద్రమువారికి తెలియజేయవలెను. అట్టి సమయమున మొదట పురుగులను చంపు మందు చల్లింపవలెను. ఆ తరువాతనే ఎలుకలను పట్టవలెను. ముందుగా ఎలుకలను చంపినయెడల పురుగు లన్నియు మనుష్యులమీదికే వచ్చును.

ప్లేగు అరుదైనను, ఎలుక జ్వరమని పేరుపడిన లెప్టోస్పైరోసిస్ అరుదు కాదు. దాని క్రిములు ఎలుక మూత్రమువలన నీటిలోనికిని, బురదలోనికిని చేరి, కాలిమీది పుండ్లగుండను గీతలగుండను మనుష్యుని శరీరములో ప్రవేశించును. దమ్ములో దిగువారును, పశువుల కొట్టము నూడ్చువారును దీనికి తఱచుగా గురియగుదురు.

ఏ ప్రాణి యని తెలిసికొనుట

చాలమంది రైతులు మందు తెచ్చి నేలమీది బొరియలో పెట్టి, ఎలుకలు తగ్గలేదని నిరాశ చెందుదురు. దోషము మందుది గాదు. నేలబొరియ యొకనిది, అటకమీది చప్పుడు మఱియొకనిది. కావున నాలుగు ప్రాణులను వేఱుపఱచి తెలిసికొనవలెను.

మొదటిది, మనము నేడు చెప్పుకొను ఇంటి యెలుక. శాస్త్రజ్ఞులు దీనికి రాటస్ రాటస్ అని పేరిడిరి. ఇది సన్నని శరీరము, మొనదేలిన మూతి, పెద్దవియు పలుచనివియు నగు చెవులు గలది. చెవిని ముందునకు మడచినయెడల కంటిని తాకును. దీని ముఖ్యమైన గుర్తు తోక: తలయు మొండెమును కలిపిన పొడవుకంటె తోకయే పొడవు. వీపు గోధుమవన్నెగాను, పొట్ట తెల్లగా గాని బూడిదవన్నెగా గాని యుండును. పెంటికలు అర అంగుళము పొడవున, కొంచెము వంకరగా, రెండు కొనలును సన్నగా నుండును. ఇది నేల త్రవ్వుట అరుదు. వాసములు, దూలములు, అటక, గడ్డివామి, కొబ్బరిచెట్టు మొవ్వు దీని నివాసములు.

రెండవది పందికొక్కు. ఇది బరువైనది, ముతక వెండ్రుకలు గలది. తోక శరీరముకంటె పొట్టి. కోపము వచ్చినచో పందివలె గుఱ్ఱుమనును. గోడల ప్రక్కను, కొట్టముల క్రిందను పెద్ద బొరియలు త్రవ్వి మన్ను కుప్పగా పోయును. ఇంగ్లీషువారు దీనికి బాండికూట్ అను పేరును మన తెలుగుమాటనుండియే గ్రహించిరి.

మూడవది చిట్టెలుక. బొటనవ్రేలంత శరీరము, పెంటికలు ఆవగింజకంటె కొంచెము పెద్దవి. పెన్సిలు దూరు సందునుండి దూరగలదు.

నాలుగవది చుంచు. ఇది యెలుక జాతియే కాదు. మూతి తొండమువలె పొడవు; కన్నులు మిక్కిలి చిన్నవి; దుర్గంధము విడుచును; కిచకిచలాడుచు గోడవెంట పరుగిడును. బొద్దింకలను పురుగులను తిని మేలే చేయును. దీనిని చంపనక్కఱలేదు.

ఇంటి యెలుక జాడలు

ఎలుక కనబడకున్నను దాని జాడలు కనబడును. దూలముల మీదను, గోడ పైకప్పును తాకుచోటను, తఱచుగా నడచుటచే జిడ్డుతో కూడిన నల్లని చారలేర్పడును. రాత్రి మొదటిజామున అటకమీద పరుగులు వినబడును. తలుపుల అంచులును గంపల అంచులును కొఱికినచో క్రొత్తకాటు తెల్లగాను పాతకాటు నల్లగాను నుండును. అనుమానమున్నచో సాయంకాలము గుమ్మి చుట్టును అటకమీదను సన్నని బూడిద జల్లి, తెల్లవారి చూడుడు. ముందుకాలికి నాలుగు వ్రేళ్ళును, వెనుకకాలికి ఐదు వ్రేళ్ళును గల అడుగులును, నడుమ తోక యీడ్చిన గీతయు కనబడును. ఏ వైపు అడుగు లెక్కువగా నున్నవో అదియే దాని దారి. బోను పెట్టవలసినది అచ్చటనే.

మొదటి ఉపాయము: తిండి దొరకకుండ చేయుట

ఆడ యెలుక మూడు నెలలకే యీనుటకు సిద్ధమగును. గర్భము మూడు వారములు మాత్రమే. ఈతకు ఐదు మొదలు ఎనిమిది పిల్లలు. మీరు నేడు సగము చంపినను, తిండియు చోటును మునుపటివలెనే యున్నయెడల కొన్ని నెలలలో మరల మొదటి సంఖ్యకే వచ్చును. కావున చంపుట తరువాతి పని. కట్టడి ముందు పని.

గుమ్మిని గాని గరిసెను గాని నేలకు మూడడుగుల యెత్తున రాతిస్తంభముల మీద నిలుపుడు. ప్రతి స్తంభమునకును బోర్లించిన గరాటివలె రేకుతో గొడుగు తొడుగుడు; దాని యంచు స్తంభమునుండి తొమ్మిది పది అంగుళములు వెలుపలికి రావలెను. ఎలుక స్తంభము నెక్కినను ఆ గొడుగును దాటలేదు. నిచ్చెనను పని తీరగానే తీసివేయుడు. ఆనించి యుంచిన నిచ్చెన ఎలుకకు వేసిన వంతెనయే. గోడకును గుమ్మికిని నడుమ రెండడుగులైనను ఎడముండవలెను. బస్తాలను గోడకు చేరవేయక, బల్లలమీద పేర్చి, చుట్టును తిరిగి ఊడ్చుటకు వీలుగా దారి విడువుడు. విత్తనమును మూతగల రేకుడబ్బాలలో నుంచుడు.

రాత్రివేళ ఎంగిలి గిన్నెలు, పశువుల దాణా, కోళ్ళకు వేసిన నూకలు బయట మిగులరాదు. కుండలకును తొట్లకును మూతలుండవలెను. ఎండుగింజ తిను ఎలుకకు నీరు తప్పనిసరి.

రెండవ ఉపాయము: దారి మూయుట

బొటనవ్రేలు దూరు రంధ్రమునుండి పిల్ల యెలుక దూరును. గోడకును కప్పునకును నడుమనున్న సందులు, పెంకుల క్రింది ఖాళీలు, గొట్టములు తీగలు గోడలో దూరు చోట్లు పరీక్షింపుడు. మట్టితో మాత్రము మూసిన రంధ్రమును అది మరునాడే త్రవ్వును. సిమెంటులో పగిలిన గాజుముక్కలు కలిపి మూయవలెను. గవాక్షములకు పావు అంగుళపు కన్నుల యినుప జాలి కొట్టవలెను. కొట్టు తలుపు అడుగున జానెడు రేకు కొట్టవలెను.

ఇంటి యెలుక నాలుగడుగుల దూరము దుముకగలదు. కావున కప్పుమీదికి వంగిన కొమ్మలను ఆరడుగుల దూరమునకు నఱికించుడు. కప్పుమీదికి ప్రాకించిన సొర, బీర, చిక్కుడు తీగలును నిచ్చెనలే. గడ్డివామిని ఇంటి గోడకు చేరవేయరాదు. ఇంటి ప్రక్కనున్న కొబ్బరిచెట్టునకు మనిషియెత్తుకు పైన అడుగున్నర వెడల్పుగల నున్నని రేకు చుట్టినయెడల ఎలుక పట్టుదొరకక జారును. కాని ప్రక్కచెట్టు ఆకులు తగులుచున్నచో ఈ రేకు నిష్ప్రయోజనము.

ఈ పనుల కనువైన కాలము వేసవి. మృగశిర కార్తెకు ముందు మీరెట్లును కప్పు సవరించుకొందురు. ఆ సమయముననే పాత తాటాకులో నున్న గూళ్ళను తీసివేసి, సందులు మూసినయెడల వేఱుగ ఖర్చు చాల తక్కువ.

మూడవ ఉపాయము: బోనులు

ఇంటిలో బోనే మొదటి ఆయుధము. ఇంటి యెలుక క్రొత్త వస్తువును చూచిన జంకును. కనుక బోను తెచ్చిన రాత్రియే ఫలమాశింపరాదు. రెండు మూడు దినములు బోను తలుపు కదలకుండ కట్టి, లోపల వేయించిన కొబ్బరిముక్క, వేరుసెనగ, ఎండుచేప లేక పకోడి యుంచుడు. అది నిర్భయముగా తిని పోవుటకు అలవాటు పడినపిమ్మట నొక్కరాత్రి అన్ని బోనులను బిగింపుడు. ఒక్క బోను పదిరాత్రులు పెట్టుటకంటె పది బోనులు ఒక్కరాత్రి పెట్టుట మేలు. నేలమీద గాక, బూడిద చూపిన దారిలో, దూలములకును వాసములకును కట్టి పెట్టవలెను. పట్టిన యెలుకను పొరుగువాని పొలమున విడిచి వచ్చుట ధర్మము గాదు. అది వానికి నష్టము, మీకు పునర్దర్శనము. చచ్చిన యెలుకను పటకారుతో నెత్తి, రెండడుగుల లోతున పూడ్చి, చేతులు సబ్బుతో కడుగుకొనుడు.

నాలుగవ ఉపాయము: విషపుటెర

పై మూడును చేసి, ఇంకను మిగిలినపుడు మాత్రమే దీనికి పూనుకొనవలెను. వెంటనే చంపు జింకు ఫాస్ఫైడు వంటి విషమును కొంచెము రుచి చూచి బాధపడిన యెలుక ఆ యెరను మరల ముట్టదు. అది కడుపులో చేరి విషవాయువు విడుచును. మనుష్యుడు తినిన దానికి విరుగుడు లేదు. కావున పిల్లలు తిరుగు ఇంటిలో దానిని వాడరాదు. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను ఇంటిలోను, ఇంటిగోడ ప్రక్క బొరియలలోను పెట్టుట మఱింత ప్రమాదము. ఆ వాయువు నిద్రించువారిని చంపును.

ఇంటికి తగినది బ్రోమాడయోలోన్. ఇది రక్తము గడ్డకట్టకుండ చేయును. ఎలుక నాలుగైదు దినముల తరువాత గాని చావదు. అందుచేత తక్కిన యెలుకలు యెరను అనుమానింపవు. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె పట్టించి, పావు శాతము గల మందుపొడి 20 గ్రాములు కఱ్ఱతో కలుపవలెను. చేతికి తొడుగులు వేసికొనవలెను, వంటపాత్ర వాడరాదు. పదిహేను ఇరువది గ్రాముల చొప్పున వెదురుగొట్టములలో నుంచి, కోళ్ళకు, కుక్కలకు, పిల్లలకు అందనిచోట కట్టవలెను. ధాన్యమునకు గాని వంటకు గాని పైభాగమున కట్టరాదు, జారి పడును. వారము పదిదినములు ప్రతిదినము చూచి, తినినంత మరల నింపవలెను. పని ముగిసినపిమ్మట మిగిలిన యెరను పూడ్చివేయవలెను. చచ్చిన యెలుకలను వెదకి తీయనిచో వానిని తిని పిల్లులును గుడ్లగూబలును చచ్చును.

బిడ్డ యీ యెరను నోట పెట్టినచో బాగుగానే యున్నదికదాయని ఊరకుండరాదు. దీని కీడు కొన్ని దినముల తరువాత చిగుళ్ళనుండి రక్తము కారుటతో బయటపడును. మందు పొట్లముతోకూడ వెంటనే ఆసుపత్రికి పోవలెను. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా కలదు.

కొన్ని సందేహములు

పిల్లిని పెంచిన చాలదా యని కొందఱడుగుదురు. పిల్లి సాయపడును, కాని తిండి నిండుగా దొరకు నింట ఎలుకలు పుట్టు వేగమును అది అందుకొనలేదు. జెఱ్ఱిపోతును చూడగానే చంపుట, గుడ్లగూబ అపశకునమని తఱుముట మన నష్టమునకే. ఎలుకలు మెండుగా నున్న యింటికి నాగుపామును వచ్చునని మఱువకుడు. ఎలుకలను తగ్గించుట పాముకాటును తగ్గించుటయే.

వినాయకుని వాహనమును చంపవచ్చునా యని మఱికొందఱు సంకోచింతురు. వారి భక్తిని నేను గౌరవింతును. మొదటి రెండు ఉపాయములలో ప్రాణహింస లేశమును లేదు. గుమ్మికి రేకు గొడుగు తొడిగి, రంధ్రములు మూసి, ఎంగిలి దాచుకొన్నవాడు ఒక్క యెలుకనైన చంపక యే మూడువంతుల ఫలము పొందును.

ఊరంతయు కలసి

ఒక్కరు శుభ్రపఱచుకొని ప్రక్కవారు ఊరకున్నచో ఎలుకలు గోడ దాటి వచ్చుటకు ఒక్క రాత్రి చాలును. కావున గ్రామపంచాయతిలో కూర్చుండి, వేసవిలో ఒక వారము నిర్ణయించి, వీధి వీధియు ఒకేమారు ఈ పని చేయుడు. బోనులను పదిమంది కలిసి కొని, వంతులవారీగా వాడుకొనవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పొడవైన తోక, అటకమీది చప్పుడు ఇంటి యెలుకవి. నేలబొరియ, మన్నుకుప్ప పందికొక్కువి.
2. గుమ్మి మూడడుగుల యెత్తు, స్తంభములకు రేకు గొడుగులు, నిచ్చెన తీసివేయుట.
3. బొటనవ్రేలు దూరు ప్రతి రంధ్రమును మూయుట. కప్పునుండి ఆరడుగులలోపల కొమ్మ యుండరాదు.
4. బోనులకు మొదట అలవాటు చేసి, పిమ్మట ఒక్కరాత్రి బిగించుట.
5. విషము చివర, అదియు పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండ.
6. కారణము లేక ఎలుకలు రాలినచో ముట్టక, ఆరోగ్యకేంద్రమునకు తెలుపుట.

రైతు మహాశయులారా, ఏటికి రెండు బస్తాలని మొదట లెక్క వేసితిమి. ఆ రెండు బస్తాల ధరలో ఒక భాగము చాలును, రేకు, సిమెంటు, జాలి, బోనులు కొనుటకు. ఈ యేడు కళ్ళము ముగియకముందే, ఒక సాయంకాలము చేత దీపము పట్టుకొని మీ అటక యెక్కి చూడుడు. అచ్చట కనబడు జాడలే మీరు మొదట చేయవలసిన పనిని మీకు చెప్పును.